రక్తం కూడా ఒక సర్వీసు బుక్కే

పిల్లలూ,

మన పత్రికలోని ఈ తెలుగు పేజీలకు నేను ఏటా ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. పండుగల గురించో, పద్యాల గురించో, అమ్మభాష గురించో రాయడం నాకు అలవాటు. ఈసారి రక్తం గురించి రాస్తున్నాను. తెలుగు టీచరుకు రక్తంతో పనేమిటని మీరు అనుకోవచ్చు. బయాలజీ మేడమ్ దగ్గరా, లెక్కల సార్ దగ్గరా కూర్చుని, అర్థం కానిది నాలుగేసి సార్లు అడిగి తెలుసుకున్నాకే కలం పట్టుకున్నాను.

ఇది రాయాల్సి రావడానికి ఒక వాటర్ బాటిల్ కారణం.

నిరుడు మన బడిలో సికిల్ సెల్ రక్తపరీక్షలు జరిగాయి. వేలి చివర చిన్న సూదిపోటు, ఒక చుక్క రక్తం, అంతే. కొన్నాళ్లకు ఫలితాల కాగితాలు వచ్చాయి. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి కాగితం పుస్తకంలోంచి జారి కిందపడితే ఎవరో చదివేశారు. ఆ అమ్మాయి వాళ్ల తాతగారు శ్రీకాకుళం నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్లమ్మ ఛత్తీస్‌గఢ్ ఇంటి ఆడపడుచు. మర్నాడు నా తెలుగు పీరియడ్‌లో పక్క బెంచీ అబ్బాయి తన వాటర్ బాటిల్‌ను అటు జరుపుకున్నాడు. వాళ్ల నాన్నగారి బదిలీ మీద కొత్తగా వచ్చిన పిల్లవాడు. ముందురోజు వరకు ఇద్దరూ ఒకే బాటిల్‌లో నీళ్లు తాగినవాళ్లే.

"ఏమైందిరా?" అని అడిగాను.

"దాని రక్తం చెడ్డదంట మేడమ్. దూరంగా ఉండమన్నారు."

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తల వంచుకుని నోట్సు రాసుకుంటూనే ఉంది. నేను "తప్పు, అలా అనకూడదు" అన్నాను. పాఠం మొదలుపెట్టాను. ఇంటికి వెళ్లాక నా మాట నాకే చాలలేదనిపించింది. అలా అనకూడదని చెప్పడం సులువే. ఎందుకు అనకూడదో చెప్పలేకపోతే ఆ మాట పిల్లల మనసులో నిలవదు. ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "మంచి రక్తం", "చెడ్డ రక్తం" అనేవి కొలవకుండా వాడే మాటలు. కొలిచి చూస్తే అవి నిలబడవు. ఎలా కొలుస్తారో చూద్దాం.

మన ఊరి ఇనుము దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుందని మీకు తెలుసు. మన ఒంట్లో కూడా ఇనుము ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది మొత్తం కలిపి 3, 4 గ్రాములే, ఒక చిన్న మేకుపాటి. అందులో ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్ అనే అణువులో ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకుని, ఒళ్లంతా తిరిగి దింపి రావడం దాని పని.

ఈ హీమోగ్లోబిన్ నాలుగు గొలుసులు కలిసిన పెద్ద అణువు. రెండు ఆల్ఫా గొలుసులు, ఒక్కోదానిలో 141 అమైనో ఆమ్లాలు. రెండు బీటా గొలుసులు, ఒక్కోదానిలో 146. మొత్తం 574. అమైనో ఆమ్లాలు 20 రకాలు. వాటిని అక్షరాలు అనుకోండి, బీటా గొలుసు 146 అక్షరాల వాక్యం. 20 అక్షరాలతో 146 అక్షరాల వాక్యాలు ఎన్ని రాయవచ్చో లెక్క కడితే ఆ సంఖ్యలో 190 అంకెలు వస్తాయి. అన్నన్ని వీలున్నా మన అందరి ఒంట్లో ఇంచుమించు ఒకే వాక్యం ఉంది. దీన్నెవరూ ఒక్కరోజులో కూర్చుని రాయలేదు. కోట్ల ఏళ్లలో కొద్దికొద్దిగా మారుతూ, పనికొచ్చిన మార్పు నిలుస్తూ, పనికిరానిది రాలిపోతూ ఇంతదాకా వచ్చింది.

మీ అమ్మానాన్నలకు సర్వీసు బుక్కు అని ఒకటుంటుంది. ఏ తేదీన ఏ ఊళ్లో చేరారు, ఎక్కడికి బదిలీ అయ్యారు అన్నీ అందులో ఎక్కుతాయి. కొట్టేసినా కొట్టివేత కనిపిస్తూనే ఉంటుంది. హీమోగ్లోబిన్ కూడా అలాంటి పుస్తకమే. మనిషి బీటా గొలుసునూ చింపాంజీ బీటా గొలుసునూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక్క తేడా కూడా ఉండదు. గొరిల్లాతో పోలిస్తే ఒకటే తేడా. మనిషి ఆల్ఫా గొలుసును గుర్రంతో పోలిస్తే 141లో 18 తేడాలు. ఎంత పాతకాలంలో దారులు చీలితే అన్ని ఎక్కువ తేడాలు. ఎమిల్ జుకర్‌కాండల్, లైనస్ పౌలింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1962లో ఈ తేడాలను లెక్కపెట్టి, వాటితో కాలాన్ని కొలవవచ్చని చెప్పారు. జీవపరిణామాన్ని ఎముకల్లోనే కాదు, అణువులో కూడా కొలవవచ్చన్నమాట.

ఇప్పుడు సికిల్ సెల్ దగ్గరకు వద్దాం. తెలుగులో కొడవలి కణ వ్యాధి అంటారు. మామూలుగా గుండ్రంగా, బిళ్లలా ఉండే ఎర్ర కణం ఈ జబ్బులో కొడవలిలా వంగిపోతుంది. 1949లో పౌలింగ్ బృందం ఈ రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరే వేగంతో కదులుతోందని చూపించి, దీనికి "అణువుకు వచ్చిన జబ్బు" అని పేరు పెట్టింది. మరి కొన్నేళ్లకు, 1957 నాటికి, వెర్నన్ ఇంగ్రామ్ అసలు తేడాను పట్టుకున్నాడు. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. అంతే తేడా. డీఎన్ఏలో చూస్తే ఒక్క అక్షరం, "ఏ" ఉండాల్సిన చోట "టి".

ఒక్క అక్షరానికే ఇంతనా అని తెలుగు చదువుకునే మీరు అడగకూడదు. "కల"లో ఒక అక్షరం మారిస్తే "కళ" అవుతుంది. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే రకం, వాలీన్ నీటిని తప్పించుకునే రకం. ఆక్సిజన్‌ను దింపేసిన హీమోగ్లోబిన్ అణువులు ఆ వాలీన్ వల్ల ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి పోగుల్లా పేరుకుంటాయి. ఆ పోగులు కణాన్ని లోపలి నుంచి వంచేస్తాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే భరించలేని నొప్పి. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఇవి పది, ఇరవై రోజులకే చనిపోతాయి. అందుకే రక్తహీనత.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఈ జన్యువు ప్రతి ఒక్కరిలో రెండు ప్రతులుగా ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. రెండు ప్రతుల్లోనూ మార్పు ఉంటే జబ్బు. ఒక దానిలోనే ఉంటే వాళ్లు వాహకులు. సాధారణంగా వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఇది తుమ్మితేనో, తాకితేనో, ఒకే బాటిల్‌లో నీళ్లు తాగితేనో అంటుకునేది కాదు. పుట్టుకతో రావలసిందే.

అయితే ఇంత బాధపెట్టే మార్పు ఇన్ని వేల ఏళ్లుగా ఎందుకు రాలిపోలేదు? ఛత్తీస్‌గఢ్‌లో ఇది ఎక్కువే. రాయ్‌పూర్‌లో దీని కోసమే ఒక సంస్థ ఉంది. మన వైపు అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ కనిపిస్తుంది. పనికిరానిది రాలిపోవాలి కదా?

దీనికి పుస్తకాల్లో చెప్పే మాట "ప్రకృతి వరణం". భాష చెప్పే మనిషిగా నాకు ఈ మాటతో కొంచెం పేచీ ఉంది. వరణం అనగానే మనకు స్వయంవరం గుర్తొస్తుంది. ఎవరో దండ పట్టుకుని సభలో నడుస్తూ, ఒకరిని మెచ్చి, మిగిలినవాళ్లను కాదన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు మిగిలినవాళ్లు తక్కువవాళ్లయిపోతారు. ప్రకృతిలో దండ పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఫలానా చోట, ఫలానా కాలంలో ఎవరి పిల్లలు ఎంతమంది బతికి పెద్దయ్యారన్న లెక్క ఒక్కటే ఉంది.

ఆ లెక్కను గణితంగా మలిచినవాళ్లలో ముఖ్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర 1848లో నల్లరంగు చిమ్మట ఒకటి దొరికింది. అప్పట్లో అది అరుదు. ఫ్యాక్టరీల మసితో చెట్లు నల్లబడ్డాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి అక్కడ ఇంచుమించు అన్నీ నల్లవే. ఇంత తొందరగా మారాలంటే బూడిదరంగు చిమ్మటకు రెండు పిల్లలు మిగిలినచోట నల్లదానికి మూడు మిగలాలని హాల్డేన్ 1924లో లెక్క తేల్చాడు. పరిణామం ఎంత వేగంగా జరుగుతోందో కొలవడానికి ఒక కొలమానం కూడా ప్రతిపాదించి దానికి "డార్విన్" అని పేరు పెట్టాడు.

ఈయన మనకు దూరపువాడేమీ కాదు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. భారత పౌరుడయ్యాడు. ఆంధ్రకు చెందిన ద్రోణంరాజు కృష్ణ ఆయన దగ్గర పరిశోధన చేసి, మన తెలుగు ఇళ్లలోని మేనరికాల మీద సర్వేలు జరిపాడు. హాల్డేన్ చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిచాయి. 1964 డిసెంబరు 1న కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం ఆయన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. తన ఒంటిని తెలుగు విద్యార్థులకు పాఠంగా వదిలి వెళ్లిన మనిషి.

మధ్యధరా ప్రాంతంలో తలసీమియా అనే మరో రక్తజబ్బు ఎక్కువగా ఉండటానికీ అక్కడి మలేరియాకూ సంబంధం ఉండవచ్చని 1940ల చివర్లోనే హాల్డేన్ ఊహించాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో పనిచేసి సికిల్ విషయంలో దాన్ని చూపించాడు. ఒక్క సికిల్ ప్రతి ఉన్న పిల్లలను ప్రాణాంతక మలేరియా అంతగా చంపలేకపోతోంది. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న సంగతి బయటపడింది కూడా మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. మైదానం నుంచి మన్యానికి వెళ్లాలంటే "మన్యపు జ్వరం" అని పెద్దలు ఎందుకు భయపడేవాళ్లో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ జ్వరం మధ్యే తరతరాలు బతికినవాళ్ల రక్తంలో దాని ఆనవాలు మిగిలింది.

ఇక లెక్క చేద్దాం. కాగితం తీసుకోండి. కూడిక, తీసివేత వస్తే చాలు.

వెయ్యిమంది పిల్లలు పుట్టారనుకోండి. ఒక్కొక్కరికి రెండు ప్రతులు, మొత్తం 2000. అందులో పదో వంతు, అంటే 200, సికిల్ ప్రతులు అనుకుందాం. అవి ఎటూ చూడకుండా జతలు కడితే, రెండూ సికిల్ అయినవాళ్లు 10 మంది, ఒకటి మాత్రమే సికిల్ అయినవాళ్లు 180 మంది, రెండూ మామూలు అయినవాళ్లు 810 మంది వస్తారు.

పాతకాలంలో మందులు లేవు. ఆ 10 మందీ పెద్దవాళ్లు కాకుండానే పోయారనుకుందాం. వాళ్లతో 20 సికిల్ ప్రతులు పోయాయి. మిగిలిన 1980 ప్రతుల్లో సికిల్‌వి 180. అంటే పదికి ఒకటి కాస్తా పదకొండుకు ఒకటి అయింది. పై తరానికి పన్నెండుకు ఒకటి. పది తరాలకు ఇరవైకి ఒకటి. ఇలాగే సాగితే తొంభై తరాలకు నూటికి ఒకటి మిగులుతుంది.

ఇప్పుడు అదే ఊళ్లో మలేరియా ఉందనుకోండి. వాహకులైన 180 మందికి రక్షణ ఉంది. రక్షణ లేని 810 మందిలో 90 మందిని జ్వరం తీసుకుపోయింది. మిగిలింది 720 మంది, వాళ్లకు తోడు 180 మంది వాహకులు. మొత్తం 900 మంది, 1800 ప్రతులు. అందులో సికిల్‌వి 180. మళ్లీ సరిగ్గా పదికి ఒకటి! తగ్గలేదు, పెరగలేదు.

ఇది పుస్తకం లెక్కే. నిజం ఊళ్లలో అంకెలు ఇంత చక్కగా కుదరవు. కానీ ప్రకృతి వరణాన్ని కొలవడం అంటే ఏమిటో ఇది చూపిస్తుంది. ఒక ప్రాంతంలో ఈ జన్యువు పదికి ఒకటి చొప్పున నిలకడగా ఉందంటే, ఆ నేల మీద జ్వరం తొమ్మిదిమందిలో ఒకరి చొప్పున బిడ్డలను ఎత్తుకుపోయేదని వెనక్కి లెక్కకట్టవచ్చు. చరిత్ర పుస్తకంలో ఎవరూ రాయని ఆ మరణాలు రక్తంలో నమోదై ఉన్నాయి.

ఈ లెక్క పూర్తయినప్పుడు నన్ను ఆలోచనలో పడేసిన సంగతి మరొకటి. బతికిపోయిన 180 మందీ, నొప్పితో పోయిన 10 మందీ ఒకే జన్యువు పంచుకున్నవాళ్లు. లాభం ఒకరిది, బాధ ఇంకొకరిది. ఒక తరం మలేరియాను దాటి వచ్చిందంటే దానికి మూల్యం కొందరు పిల్లలు చెల్లించారు. అలాంటి బిడ్డ మన పక్క బెంచీలో కూర్చుంటే, ఆ బిడ్డ రక్తం చెడ్డదని అంటామా? నన్నడిగితే, మనం ఆ బిడ్డకు రుణపడి ఉన్నామంటాను.

"అయితే మేడమ్, జబ్బు మంచిదంటారా?" అని మీలో ఎవరో అడుగుతారు. కాదు. నొప్పి నొప్పే. మలేరియా తగ్గిన చోట ఆ లాభమూ ఉండదు, కష్టం మాత్రం మిగిలిపోతుంది. నేను చెప్పేది ఒక్కటే. ఒక జన్యువుకు చోటుతో సంబంధం లేకుండా విలువ కట్టలేం. ఏ చోట, ఏ కాలంలో అని అడగకుండా మంచి, చెడ్డ అనడం సగం కొలతే.

ఈ మాట మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? నేను కూడా పదేళ్లలో అయిదు ఊళ్లు మారాను. కొండప్రాంతంలో పనిచేసినప్పుడు కొన్న ఉన్నికోటు ఒకటుంది. అక్కడ అది లేకుండా గడప దాటలేకపోయేదాన్ని. భిలాయి మే నెల ఎండలో అదే కోటు ట్రంకుపెట్టె అడుగున బరువు. కోటు చెడిపోలేదు, ఊరు మారింది. మీ సంగతీ అంతే. విశాఖలో తరగతికి ఫస్టు వచ్చిన పిల్ల ఇక్కడికి వచ్చిన మొదటి మూణ్నెల్లు హిందీ అర్థంకాక వెనకబెంచీలో కూర్చుంటుంది. ఆమె తెలివి రైల్లో ఎక్కడా జారిపోలేదు కదా. తేడా ఒకటే. కోటును పెట్టెలో పెట్టేయవచ్చు, హిందీ ఆరు నెలల్లో వస్తుంది, రక్తాన్ని మాత్రం విప్పి పక్కన పెట్టలేం. అందుకే రక్తం విషయంలో మాట మరింత జాగ్రత్తగా రావాలి.

ఆ ఆరో స్థానపు మార్పుకు కూడా బదిలీ చరిత్ర ఉంది. దాని చుట్టూ ఉన్న డీఎన్ఏ అక్షరాల వరుసలను బట్టి శాస్త్రవేత్తలు అయిదు ముఖ్యమైన రకాలను గుర్తించి, దేశాల పేర్లూ జాతుల పేర్లూ పెట్టారు. సెనెగల్, బెనిన్, కామెరూన్, బంటూ, అరబ్-ఇండియన్. మన దేశంలో ఎక్కువగా కనిపించేది చివరిది. ఈ రకం ఉన్న చాలామందిలో, బిడ్డ తల్లికడుపులో ఉన్నప్పుడు తయారయ్యే హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొంత ఎక్కువగా మిగులుతుంది. అది పోగులు పేరుకోకుండా అడ్డుపడుతుంది కాబట్టి జబ్బు తీవ్రత కొందరిలో తక్కువగా ఉంటుంది. అందరిలో కాదు. హైడ్రాక్సీయూరియా అనే మందు చేసే మేలులో ముఖ్యమైనది కూడా ఇదే, ఆ పసినాటి హీమోగ్లోబిన్‌ను పెంచడం.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రప్రభుత్వం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపువాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలనీ, 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలనీ లక్ష్యం. నేను ఈ పని మంచిదే అనుకుంటాను. కానీ "నిర్మూలన" అన్న మాటను మనం సరిగ్గా అర్థం చేసుకోవాలి. నిర్మూలించాల్సింది బాధను, మనుషులను కాదు. పైన మనం వేసిన లెక్కే చూడండి. మలేరియా పూర్తిగా పోయినా, ఏ మందూ లేకపోయినా, పదికి ఒకటి ఇరవైకి ఒకటి కావడానికి పది తరాలు, అంటే దాదాపు 250 ఏళ్లు పడుతుంది. జన్యువు దానంతటది రేపే మాయం కాదు. దానితో కలిసి గౌరవంగా బతకడం మనం నేర్చుకోవాలి.

అందుకే పరీక్ష చేయించుకోవడానికి సిగ్గుపడకండి. మొదటి పరీక్షలో అనుమానం వస్తే, వాహకులా లేక జబ్బు ఉందా అని రెండో పరీక్షలో తేలుతుంది. ఆ రెండో పరీక్షల్లో ఒకటి, 1949లో పౌలింగ్ బృందం వాడిన విద్యుత్ పద్ధతే. ఫలితం మీ సొంత విషయం. వేరేవాళ్ల కాగితం కిందపడితే చదవకుండా తీసి ఇవ్వడం మర్యాద.

పెద్దయ్యాక పెళ్లిమాటలు వచ్చినప్పుడు ఈ కాగితం గుర్తుంచుకోండి. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోకూడదు, ప్రతిసారీ లెక్క మొదటి నుంచే. మన తెలుగువాళ్లలో మేనరికాలు ఉన్నాయి. మనం పైన చెప్పిన వెయ్యిమంది పిల్లలూ మేనత్త, మేనమామ బిడ్డల పెళ్లిళ్లలో పుట్టినవాళ్లయితే, జబ్బుతో పుట్టేవాళ్లు 10 మంది కాక దాదాపు 16 మంది అవుతారు. మేనమామను చేసుకుంటే దాదాపు 21. ఆచారాన్ని తిట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. తెలిసి నిర్ణయించుకోవాలని చెబుతున్నాను.

తరగతిలో మనం చేయగలిగినవి చాలా చిన్నవి. సికిల్ జబ్బు ఉన్న పిల్లలు నీళ్లు ఎక్కువగా తాగాలి, అందువల్లా జబ్బువల్లా బాత్రూమ్‌కు ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది. నవ్వకండి. డ్రిల్ పీరియడ్‌లో ఎండలో పరుగెత్తలేకపోతే బద్ధకం అనుకోకండి. విపరీతమైన చలీ, ఒంట్లో నీరు తగ్గడమూ వాళ్లకు నొప్పి తెప్పిస్తాయి. ఒళ్లు నొప్పులతో నాలుగు రోజులు బడికి రాకపోతే నోట్సు ఇవ్వండి. టీచర్లకు కూడా ఇదే విన్నపం. నన్నూ కలుపుకునే అంటున్నాను.

చివరిగా ఆ ఎనిమిదో తరగతి సంగతి. లెక్కలు నేర్చుకున్నాక ఒకరోజు చింతపిక్కలు పట్టుకుని వెళ్లాను. అష్టాచమ్మా ఆడేవాళ్లకు తెలుసు, ఒకవైపు అరగదీసిన పిక్క తెల్లగా ఉంటుంది. వంద పిక్కల్లో పది అరగదీసి సంచిలో కలిపాను. కళ్లు మూసుకుని ఒక్కొక్కరు రెండేసి తీయాలి, చూసి మళ్లీ సంచిలో వేయాలి. తెల్లవి అమ్మానాన్నల నుంచి వచ్చే సికిల్ ప్రతులన్నమాట. ఆట రెండు, మూడు చుట్లు తిరిగింది. చాలామందికి రెండూ నల్లవే వచ్చాయి. కొందరికి ఒకటి తెల్లది. ఆ బాటిల్ జరుపుకున్న అబ్బాయి చేతికి రెండూ తెల్లవి వచ్చాయి.

తరగతి అంతా వాడివైపు చూసింది. వాడు పిక్కలకేసి చూసుకుని, "ఇందులో నేను చేసిందేముంది మేడమ్?" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. ముందు బెంచీలోంచి ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. వాడు పిక్కలు సంచిలో వేసేసి తన చోటుకు వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి వాటర్ బాటిల్ తీసి ఇద్దరికీ మధ్యన పెట్టాడు.

ఈ ఏడాది వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. వాడు టీసీ తీసుకుని వేరే ఊరి బడికి వెళ్లిపోయాడు. అక్కడ కూడా ఎవరో ఒకరి కాగితం కిందపడుతుంది. అప్పుడు వాడు ఏం చేస్తాడో నాకు తెలియదు గానీ, ఆ చింతపిక్కలు గుర్తుంటాయని నా ఆశ. మీరు కూడా ఏ ఊరికి బదిలీ అయినా ఈ లెక్కను మీతో తీసుకెళ్లండి. ఎవరి గురించైనా మంచి, చెడ్డ అనే ముందు ఒక్కసారి వేసి చూసుకోండి.